చుక్క కాదు, ముగ్గు

క్రిస్మస్ బిస్కెట్ల మీద నేను ఐసింగ్‌తో వేసేది నక్షత్రం కాదు, ముగ్గు. చూసినవాళ్లు "స్టార్ ఎంత ముద్దుగా ఉందో" అంటారు. స్టార్ కాదమ్మా, ముగ్గు అని వెంటనే దిద్దుతాను. పండుగపూట ఆ రగడ ఎందుకని మా ఇంట్లోవాళ్లు నా కొంగు పట్టి గుంజుతారు. గుంజనీ. ఆ ఒక్క మాట దగ్గర మా అమ్మ తగ్గలేదు, నేనెందుకు తగ్గాలి?

డెబ్బైల మొదట్లో మేము పటాన్‌చెరులో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాయినకు పెద్ద ఫ్యాక్టరీలో ఫిట్టర్ పని. మా వాడలో సగం ఇళ్లు ఆ పనికే కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లవి. డిసెంబరు సగం గడిచేసరికి ధనుర్మాసం వచ్చి వాళ్లవే కాదు, వాడలో వాకిళ్లన్నీ ముగ్గులతో నిండిపోయేవి. మేము చర్చికి పోయేవాళ్లం కాబట్టి మా వాకిలి ఒక్కటే బోడిగా ఉండేది. అమ్మ ఊడ్చి, పేడనీళ్లు చల్లి, చీపురు మూలకు పెట్టి లోపలికి వచ్చేసేది.

అమ్మ పుట్టిల్లు హత్నూర దిక్కు పల్లె. ఆ ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా ముగ్గు వేయడానికి అమ్మనే పిలిచేవారట. నాయిన ఆమెకు సొంత మేనబావ. చర్చిలో కలిసింది మా నాయనమ్మ, తాత, వాళ్ల పిల్లలు మాత్రమే. అమ్మ కూడా బాప్తిస్మం తీసుకుని ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెలో ముగ్గుపిండి డబ్బా ఒకటి తెచ్చుకుంది. నాయనమ్మ అది చూసి, పిండిని పెంటకుప్ప మీద కుమ్మరించి, డబ్బా కడిగి అందులో ఉప్పు పోసింది. మేనత్తే అయ్యుండి అంత పని చేసింది. ఆ ఉప్పు డబ్బా మా వంటింట్లో పొయ్యి పక్కనే ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అమ్మ ఏమనుకునేదో తెలియదు. చపాతీలు చేస్తూ పీట మీది పిండిలో ఒక్కోసారి వేలితో నాలుగు గీతలు గీసేది. నేను చూశానని తెలియగానే చేత్తో తుడిచేసి "మనకొద్దు బిడ్డా" అనేది.

ఆ ఏడు చర్చి స్త్రీల సమాజంలో కొత్త ముచ్చట వచ్చింది. క్రిస్మస్ ఆరాధన అయ్యాక టీ దగ్గర పెట్టడానికి ప్రతి ఇల్లూ ఐసింగ్ బిస్కెట్లు తేవాలన్నారు. ఎలా చేయాలో పాస్టరు భార్య చూపించింది. ఆమెను మేము అమ్మగారు అనేవాళ్లం. కోస్తా మనిషి, మంచి మనిషే, కాదనను. చక్కెర మెత్తగా దంచి, పలుచటి గుడ్డలో జల్లించి, నిమ్మరసం చుక్కలు, కాసిని పాలు పోసి కలపాలి. బ్రెడ్డుకు చుట్టి వచ్చే మైనం కాగితాన్ని పొట్లంలా చుట్టి, కొన కత్తిరించి, దాంతో గీయాలి. నక్షత్రం, గంట, సిలువ, ఈ మూడే వేయాలి. ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ నోరెళ్లబెట్టింది. "ఐసు పెడ్తరా బిస్కట్ల మీద? గీ చలికా? పండ్లు జివ్వున లాగవా?" అంది. ఐసు కాదు, చక్కెర అని నేనెంత చెప్పినా నమ్మలేదు.

ఇళ్లల్లో ఓవెన్లు ఎక్కడివి అప్పుడు? పిండి కలిపి, స్టీలు గ్లాసు బోర్లించి గుండ్రంగా కోసి, రేకు ట్రేలో పేర్చి బేకరీ బట్టీకి ఇస్తే కాల్చి ఇచ్చేవారు. పండుగకు ముందురోజు పొద్దున అలా కాల్పించుకొచ్చాం. ఐసింగ్ నేనే వేస్తానని కూర్చున్నాను. నాకు అప్పుడు పన్నెండో పదమూడో, తొందర మాత్రం ఇంకా తగ్గలేదు. బిస్కెట్లు వెచ్చగా ఉండగానే మొదలుపెట్టాను. గీసిన నక్షత్రం కరిగి ట్రేలోకి జారిపోయింది. చల్లారినవాటి మీద వేస్తే గంట కాస్తా వంకాయ అయింది, పాలు ఎక్కువ పోశాను మరి. చివరికి పొట్లం చిరిగి చక్కెరంతా మోచేతిదాకా కారింది. చిరాకొచ్చి పొట్లాన్ని గోడకేసి కొట్టాను.

బియ్యం కడుగుతున్న అమ్మ లేచి వచ్చింది. "గంత పలుచగ కలిపితే నిలుస్తదా? వేడి మీద ఏస్తే కారదా? జెర ఆగరాదు నీకు" అంటూ గిన్నెలో మరింత చక్కెర పొడి వేసి తిప్పింది. చెంచాతో ఎత్తి వదిలితే ధార పడిన చోటే నిలిచేదాకా కలిపింది. మైనం కాగితం ఆమెకు చేత కాలేదు. ఉతికిన పాత చీర పేలిక చింపి, గిన్నెలో ముంచి, అరచేతిలో మడిచి మెల్లగా పిండింది. చక్కెర ఉంగరపు వేలి మీదుగా సన్నగా దిగింది. అది తడిముగ్గు వేసే పద్ధతి. మొదట నాలుగు చుక్కలు పెట్టింది. తర్వాత చేయి ఎత్తకుండా వాటి చుట్టూ గీత తిప్పింది.

"అమ్మా, ఇది ముగ్గు" అన్నాను.

"ఎర్కనే" అంది, ఇంకో బిస్కెట్టు ముందుకు జరుపుకుంటూ.

పొద్దు వాలేదాకా వేస్తూనే ఉంది. వేసిన ముగ్గు మళ్లీ వేయలేదు. అంత సంతోషంగా ఉన్న అమ్మను నేను అంతకుముందు చూడలేదు.

డ్యూటీ నుంచి వచ్చిన నాయిన ట్రే చూడగానే సంగతి పసిగట్టాడు. తల గోక్కుని ఉపాయం చెప్పాడు. "మస్తున్నయ్. ఎవరన్న అడిగితే చుక్కలని చెప్పు. చుక్కలే గదా పెట్టినవ్? అబద్ధం గాదు." ఆకాశంలో ఉండేదీ చుక్కే, ముగ్గులో ఉండేదీ చుక్కే. తన తెలివికి తనే మురిసిపోయి నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

మర్నాడు ఆరాధన అయ్యాక చర్చి వెనక తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ట్రేలు పెడుతున్నారు. అమ్మగారు మా ట్రే మీది గుడ్డ ఎత్తి ఆగిపోయింది.

"ఇవి ముగ్గులు కదమ్మా?" అంది మెల్లగా.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ట్రే మీదికి వంగారు. నాయిన గబగబా ముందుకొచ్చాడు. "చుక్కలమ్మగారు. తూర్పున పొడిచిన చుక్క ఉంటది గదా, గవే."

"నక్షత్రాలా? అయితే పెట్టండి, పెట్టండి" అంది అమ్మగారు, బరువు దిగినట్టు.

పెట్టేస్తే అయిపోయేది. అమ్మ ట్రే వదల్లేదు. "చుక్కలు గావమ్మగారూ. ముగ్గులే."

"నాకేం అభ్యంతరం లేదమ్మా, సంఘ పెద్దలు ఊరుకోరు. చెంచాతో పైపైన గీకేయండి. లేదా నక్షత్రాలని ఒక్క మాట అనండి, చాలు."

"గీకను. గా మాట అనను" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "నా చేతికి వచ్చింది గిదొక్కటే. ఇన్నేండ్లు దాచుకున్న. దేవుని ముంగట గూడ ఇంకో పేరు పెట్టి దాచుకోవాల్నా?"

అమ్మగారు గుడ్డ మళ్లీ ట్రే మీద కప్పింది. చాప మీద కూర్చున్న నాయనమ్మ తల వంచుకుంది. అమ్మ ట్రే నడుముకు ఎత్తుకుని బయటికి నడిచింది. నేనూ వెనకే నడిచాను, కావాలనే చెప్పులు టపటపలాడించుకుంటూ.

ఇంటికి పోతుందనుకున్నాను. పోలేదు. గేటు దగ్గర నిలబడి గుడ్డ తీసి, బయటికొచ్చే ప్రతి ఒక్కరి ముందూ ట్రే చాపింది. "ముగ్గు బిస్కెట్, తీస్కోండ్రి" అంది. కొందరు మొహం తిప్పుకుని పోయారు. కొందరు తీసుకున్నారు. పిల్లలైతే తిని మళ్లీ వచ్చారు. పిల్లలకైనా సరే, ముగ్గు అని చెప్పకుండా ఒక్కటీ ఇవ్వలేదు.

ఆ మర్నాడు పొద్దున్నే అమ్మ ఉప్పును గిన్నెలో పోసి, డబ్బా కడిగి, తుడిచి, ఎదురింటి కోస్తా ఆవిడ దగ్గర ముగ్గుపిండి నింపుకొచ్చింది. వాకిలి ఊడ్చి, చల్లి, వంగి చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. నేను గడప మీద కూర్చున్నాను. అంతలో నాయనమ్మ లేచి వచ్చింది. డబ్బాను గుర్తుపట్టింది. ఇక ఇల్లు లేచిపోతుందనుకుని నేనూ పోట్లాటకు తయారై లేచి నిలబడ్డాను.

నాయనమ్మ ముగ్గు మీదికి వంగింది. తర్వాత వేలు చూపించింది. "గా మూలకు చుక్క తప్పినవ్. మా అమ్మ ఏసే ముగ్గు గది. గట్ల గాదు."

అమ్మ తలెత్తలేదు. "తప్పలేదత్తా. ఇది మీ అమ్మ ముగ్గు గాదు. నాది."

నాయనమ్మ కుచ్చిళ్లు పైకి పట్టుకుని, ఒక్క గీత కూడా తొక్కకుండా, గోడ పక్కగా చుట్టు తిరిగి వాడలోకి నడిచింది.