తల విసిరే చూపు

వెండ్లా ఎవరినీ తిన్నగా చూడదు. పక్కనున్న మనిషిని చూడాలంటే ముందు కళ్ళు గట్టిగా మూసుకుంటుంది, తలను ఒక్క విసురు విసురుతుంది, ఆ తర్వాతే కళ్ళు తెరుస్తుంది. కొత్తగా చూసినవాళ్ళు ఎంత పొగరో చూడు ఈవిడకి అనుకుంటారు. ఉత్తరాన మంచు దేశంలో, కాలిక్స్ నది ఒడ్డున, లింగ్‌నేస్ ఊళ్ళో మాత్రం ఎవరూ అలా అనుకోరు. "ఐసాక్ ఇంటి చూపే అంత" అని కొట్టిపారేస్తారు. ఆ మాట శుద్ధ అబద్ధమని వెండ్లాకు తెలుసు. ఐసాక్ ఇంట్లో, అంటే ఆమె పుట్టింట్లో, ఆ చూపు నిజంగా ఉన్నది ఒక్కడికే, ఆమె తమ్ముడు సిక్స్టెన్‌కు.

సిక్స్టెన్ ఆమెకన్నా ఆరేళ్ళు చిన్న. రెండో ఏడు నిండేసరికి వాడి పొట్ట డోలులా ఉబ్బింది, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండిపోయాయి. ఊరికూరికే ముక్కులోంచి రక్తం కారేది. అన్నిటికన్నా వింత వాడి చూపు. పైకీ కిందికీ కళ్ళు బాగానే తిరిగేవి గానీ పక్కకు చూడాలంటే కదిలేవి కావు. ఎడమ చేతి వైపు ఎవరైనా పిలిస్తే పాపం వాడు కళ్ళు మూసి, తల విసిరి, చూపును అటు లాక్కుపోయేవాడు.

బడిలో పిల్లలు ఊరుకుంటారా? మొదటి రోజే మొదలెట్టారు.

"కోడిపుంజు వచ్చిందిరోయ్! గింజలు వెయ్యండ్రా!"

ఆ ఏడాదే వెండ్లాకు బడిలో ఆఖరు. అన్నవాడి చెంప ఛెళ్ళుమనిపించింది, టీచరు చేత తిట్లు తిన్నది. మర్నాడు గోల రెట్టింపైంది. సిక్స్టెన్ గోడకు ఆనుకుని, తల కదపకుండా, చూపంతా నేల మీదే పెట్టుకుని నిలబడ్డాడు. అది వెండ్లా చూసింది. తిన్నగా పిల్లల మధ్యకు నడిచింది, కళ్ళు మూసింది, తల విసిరింది, ఒక్కొక్కణ్ణీ అలాగే చూసింది.

"ఊఁ, అనండ్రా ఇప్పుడు. ఇద్దరం ఉన్నాం."

పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆ రోజు నుంచి తమ్ముడి పక్కన ఉన్నంతసేపూ అలాగే చూసేది. వారం తిరిగేసరికి అలవాటైంది, ఏడాది తిరిగేసరికి మానేద్దామన్నా మానలేనంతగా మెడకు పట్టేసింది.

సిక్స్టెన్‌కు ఎనిమిదేళ్ళప్పుడు పట్నం ఆస్పత్రిలో డాక్టరు వాళ్ళమ్మకు చెప్పాడు, పొట్ట నిండా ఉన్నది ప్లీహమేనని, పిడికిలంత ఉండాల్సింది గోనెసంచంత అయిందని, కోసి తీసేస్తే కుర్రాడు తేలిక పడతాడని. ఒప్పుకుంటావా అమ్మా అని అడిగాడు. ఆ ఉత్తరాది వాళ్ళు అవునని నోటితో అనరు. పెదాలు సున్నా చుట్టి 'షూప్' అని ఊపిరి లోపలికి పీలుస్తారు, అంతే. వాళ్ళమ్మ అలాగే పీల్చింది. పక్కన నిలబడ్డ వెండ్లా ఆ ఊపిరి విన్నది.

వాడు చదును పొట్టతో ఇంటికొచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నడుముకు బెల్టు పెట్టుకున్నాడు. ఆ చలికాలమంతా మంచు మీద స్కీలు కట్టుకుని ఒకటే పరుగులు. అమ్మ ఊరందరికీ చెప్పుకుని మురిసిపోయింది. రెండేళ్ళ ముచ్చటే అది. మూడో ఏడు చలికాలంలో కాళ్ళ ఎముకల్లో నొప్పులు మొదలయ్యాయి, దుప్పటి అంచు తగిలినా కెవ్వుమనేవాడు. వీపు వంగిపోయింది. తర్వాత మూర్ఛలు. తర్వాత మాటలు ఒక్కొక్కటే పోయాయి. వెండ్లా లులేఓ పట్నంలో టెలిఫోను ఆఫీసులో పని దొరికిందని పెట్టె సర్దుకుంటే అమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"నువ్వూ పోతే వాణ్ణి ఎవరు ఎత్తుతారే? నా నడుం చూశావా? పోతావా? పో, వాణ్ణి కూడా ఆ పెట్టెలో పెట్టుకు పో!"

వెండ్లా పెట్టె విప్పేసింది. సిక్స్టెన్ పద్నాలుగో ఏట పోయేదాకా ఆ వంటింటి బల్లకీ వాడి మంచానికీ మధ్య తిరుగుతూనే ఉంది. వాడికి చివరికి మిగిలింది ఆ చూపొక్కటే. తల విసిరి అక్కను చూసేవాడు, అక్క తల విసిరి వాణ్ణి చూసేది. వాడు పోయాక ఆ ఇంట్లో నిలవలేకపోయింది.

నదికి ఎగువన, మూడూళ్ళ అవతల, హెన్నింగ్ అనే దుంగల పనివాణ్ణి చేసుకుంది. వసంతంలో నది కరిగాక అడవిలో కొట్టిన దుంగలన్నీ నీళ్ళలో వదిలితే, అవి ఎక్కడా అడ్డం పడకుండా గడకర్రతో కిందికి నడిపించడం అతని పని. ఆ జబ్బు ఐసాక్ ఇంటిదని ఊరంతా అనేది, తనూ అదే నమ్మింది. ఆ గడప దాటితే దాన్నీ దాటేసినట్టే అనుకుంది. పిచ్చిది!

టూరే పుట్టాడు. బంగారు రంగు జుట్టు, పాలు తాగితే గుటకలు గుమ్మం దాకా వినిపించేవి. రెండో ఏడు రాగానే పొట్ట ముందుకొచ్చింది. పంది కొవ్వు కూరి ఉడికించిన బంగాళాదుంప ముద్దలు తింటే ఎవరి పొట్టయినా ఇంతేగా అనుకుంది వెండ్లా. ముక్కు నుంచి రక్తం వచ్చింది. కట్టెల పొయ్యి వేడికి గాలి ఎండిపోయింది మరి, అనుకుంది. మూడో ఏట ఒక పొద్దున తలుపు దగ్గర కుక్క మొరిగితే టూరే కళ్ళు మూసి, తల విసిరి, అప్పుడు చూశాడు.

వెండ్లా చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆ తర్వాత నవ్వు తెచ్చుకుంది. ఎవరిని చూసి నేర్చాడు? నన్ను చూసి! పుట్టినప్పట్నుంచీ అమ్మ మొహమేగా వాడు చూసేది. అమ్మ ఎలా చూస్తే అలాగే చూడాలనుకున్నాడు వెధవ.

ఇదిగో, ఇక్కడే ఇరుక్కుంది ఆమె. తను తల విసరడం మానేస్తే, నిజంగా తనను చూసి నేర్చినవాడైతే, వాడూ మానేస్తాడు. మానకపోతే? ఆ తర్వాత ఇంక అనుకోవడానికేమీ మిగలదు. అందుకని మానలేదు సరికదా, మరీ ఎక్కువ చేసింది. వాడి ముందు అవసరమున్నా లేకున్నా విసిరేది. సాయంత్రానికి మెడ నరాలు పట్టేసేవి. కళ్ళున్నవాళ్ళకెవరికైనా కనబడేదే ఆమెకు కనబడలేదంటే నమ్మొద్దు. కనబడింది. కనబడినదాన్ని తన తలతోనే కప్పిపెట్టింది.

అత్తగారు హుల్డాకు నోరు పెద్దది, కళ్ళు ఇంకా పెద్దవి. కోడలిని "ఐసాక్ రక్తం" అని దెప్పకుండా ఆవిడకు కాఫీ దిగేది కాదు.

"ఏమే కోడలా, నా కొడుకు తల విసరడు. నేను విసరను. వీడు ఎవరి దగ్గర నేర్చాడే?"

"నా దగ్గరే అత్తయ్యా."

"అయితే మానెయ్యి. ఓ నెల్లాళ్ళు మెడకు పలక కట్టుకునైనా సరే, మానెయ్యి. వాడూ మానతాడుగా?"

"మానతాను లెండి."

"ఎప్పుడు? వాడి పెళ్ళికా?"

వెండ్లా మాట మార్చింది. రెండు నెలలు అలాగే మార్చుకుంటూ వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం హుల్డాకు ఓపిక నశించింది. కాఫీ పోసి, అక్కడి అలవాటు ప్రకారం అందులో జున్ను ముక్కలు వేసి, అవి మెత్తబడే లోపల మనవణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. వాడి రెండు చెంపలూ తన అరచేతుల మధ్య బిగించి పట్టుకుంది.

"ఆ జామ్ సీసా తియ్యి. చెంచాడు తీసి వాడికి పక్కగా పట్టుకో."

"ఎందుకత్తయ్యా ఇప్పుడు..."

"పట్టుకోమన్నానా! మా అమ్మ మా అందరికీ చిన్నప్పుడు ఇలాగే పరీక్ష పెట్టింది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది నాకు."

చిత్తడి నేలల్లో ఏరుకొచ్చిన పసుపు పండ్ల జామ్ అది, టూరేకు ప్రాణం. వెండ్లా చెంచా నింపి వాడి కుడి చెవికి జానెడు దూరంలో పట్టుకుంది. ఒక బొట్టు బల్ల మీద పడింది.

"టూరే, అమ్మ దగ్గర జామ్ ఉందిరా. తల కదపకుండా చూడు, నీదే," అంది హుల్డా.

వాడు నవ్వాడు. కళ్ళు ఎదురుగా గోడ మీదే ఉన్నాయి. ఒకసారి మూశాడు, తెరిచాడు, మళ్ళీ గోడే. మళ్ళీ మూశాడు. మెడ నరాలు తేలాయి, ముసలిదాని చేతుల్లో ఆ చిన్న తల గింజుకుంది. నవ్వు పోయింది.

"నానమ్మా వదులు! నాకు కనబడట్లేదు! అమ్మా, చెంచా ఎక్కడ పెట్టావే?"

హుల్డా చేతులు తీసేసింది. వాడు తల విసిరి చెంచాను చూసి, గబుక్కున నోట్లో పెట్టుకున్నాడు. కొంగుతో కళ్ళు ఒత్తుకోవడానికి అక్కడి ఆడవాళ్ళకు కొంగుండదు, ముసలావిడ వంట గుడ్డతోనే ఒత్తుకుంది.

ఆ రోజు నుంచి వెండ్లా తల విసరడం మానేసింది. ఇంక దేనికి విసరాలి? ఏళ్ళ తరబడి మెడను పట్టుకున్న అలవాటు పోతానంటే పోలేదు, పళ్ళు బిగించి మాన్పించింది.

ఆస్పత్రిలో వాడి నరంలోంచి రక్తం, ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షలు చేశారు. దక్షిణాది నుంచి వచ్చిన కుర్ర డాక్టరు మొగుడూ పెళ్ళాలను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"ఒంట్లో ప్రతి కణానికీ పైన కొవ్వుతో అల్లిన పల్చటి పొర ఉంటుంది. పాతబడ్డ కణాలు రోజూ చస్తాయి, కొత్తవి పుడతాయి. చచ్చినవాటి పొరలను ముక్కలు కోసి మళ్ళీ వాడుకునే కణాలు వేరే ఉన్నాయి. వాటిలో ఒక్కో రకం కొవ్వుకు ఒక్కో కత్తెర ఉంటుందనుకోండి. మీ వాడికి అందులో ఒక కత్తెర మొద్దుబారి పుట్టింది. ఆ కొవ్వు లోపలికైతే వెళుతుంది గానీ తెగదు. తెగంది బయటికి రాలేదు. అక్కడే పేరుకుపోతుంది."

హెన్నింగ్ తల పైకెత్తాడు. అప్పటిదాకా ఒక్క ముక్కా ఎక్కలేదు గానీ ఇది ఎక్కింది.

"ఒక దుంగ అడ్డం పడితే వెనకాల వచ్చినవన్నీ దాని మీదే గుట్ట పడతాయి. అలాగేనా?"

"అచ్చంగా అలాగే."

"ఐసాక్ రక్తం..." అని గొణిగాడు హెన్నింగ్, వాళ్ళమ్మ మాటే పాపం.

"ఒక్క వైపు నుంచి వస్తే ఈ జబ్బు పైకి రాదు. అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు మొద్దు కత్తెరలూ రావాలి. పుట్టుకలూ పెళ్ళిళ్ళూ రాసి ఉంచే చర్చి పుస్తకాలు తిరగేశాం. మూడు వందల ఏళ్ళ కిందట ఈ నది ఒడ్డునే ఉన్న ఒక జంట దగ్గర మీ రెండు కుటుంబాలూ కలుస్తాయి."

హెన్నింగ్ మొహం పాలిపోయింది. వెండ్లాకు నవ్వొచ్చింది, ఏడుపులాంటి నవ్వు. దాటానని అనుకున్న గడప తనతో పాటే నడిచొచ్చింది.

"ప్లీహం బాగా పెరిగింది. తీసేస్తే పిల్లాడికి హాయిగా ఉంటుంది. మీరు ఒప్పుకుంటే వచ్చే నెలలో..."

హెన్నింగ్ పెదాలు సున్నా చుట్టుకున్నాయి. ఊపిరి లోపలికి పోయేలోపే వెండ్లా అరచెయ్యి అతని నోటి మీద పడింది.

"ఆగు. ఆ ఊపిరి అక్కడే ఆపు." డాక్టరు వైపు తిరిగింది, తల విసరకుండా, తిన్నగా. "నా తమ్ముడికి తీసేశారు. పొట్టలో చేరాల్సింది ఆ తర్వాత ఎక్కడ చేరింది?"

డాక్టరు కలం మూత పెట్టాడు, తీశాడు.

"ఎముకల్లో. మెదడులో కూడా, తొందరగా. మాకూ ఇప్పుడిప్పుడే అనుమానం కలుగుతోంది."

"తియ్యకపోతే?"

"పొట్ట పెరుగుతుంది. గట్టి దెబ్బ తగిలితే లోపల పగలొచ్చు. పరిగెత్తనివ్వకూడదు, స్కీలు వద్దు, చెట్లెక్కడం వద్దు. ఒకరు ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి."

"ఆ ఒకరు నేనే. నాకేం కొత్తా?"

మందేదైనా ఉందా అని హెన్నింగ్ అడిగాడు. లేదన్నాడు డాక్టరు. ఆ అడ్డం పడ్డ ఒక్క దుంగను లాగే గడకర్ర ఇంకా ఎవరూ చెయ్యలేదన్నాడు. పదమూడేళ్ళుగా నదిలో దుంగలు లాగుతున్న మనిషి తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

బస్సు దిగి ఇంటికి రాగానే హుల్డా గుమ్మంలోనే అడిగింది, ఏమన్నారని. వెండ్లా చెప్పింది, చర్చి పుస్తకం మాటతో సహా. ముసలావిడ చాలాసేపు పొయ్యిలో కట్టెలు అటూ ఇటూ కదిపింది.

"అయితే మాదీనా?" అంది చివరికి. "ఇన్నేళ్ళూ నిన్ను ఎన్నెన్ని అన్నానే!"

"పోనీండి అత్తయ్యా. ముద్దలు చల్లారిపోతున్నాయి."

నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. స్కీలు వస్తూనే అటక మీదికి ఎక్కాయి, టూరే అది చూడనే చూశాడు గానీ ఇంకా అడగలేదు. వాడికి అమ్మ ఎడమ చేతి వైపు. వెండ్లా మెడ బిగపట్టుకుని కళ్ళు మాత్రం వాడి వైపు తిప్పింది, గిన్నెలో ముద్ద వేసింది. వాడు తినలేదు. కళ్ళు మూసి, తల విసిరి, అమ్మ మొహం చూశాడు. మళ్ళీ చూశాడు.

"అమ్మా, నీకు తగ్గిపోయిందా?"

"ఏంట్రా?"

"నువ్విప్పుడు నాలా చూడట్లేదుగా. నీకు తగ్గిపోయిందా? నేనొక్కణ్ణేనా ఇంక?"

హెన్నింగ్ చెంచా గిన్నెకు తగిలి చప్పుడైంది. హుల్డా తల వంచుకుంది. పది రోజులుగా పళ్ళు బిగించి నిలబెట్టిన మెడ అది. వెండ్లా కళ్ళు గట్టిగా మూసుకుంది, తలను ఒక్క విసురు విసిరింది, కళ్ళు తెరిచి కొడుకును చూసింది.

"లేదురా నాన్నా," అంది. "నాకెక్కడ తగ్గింది?"

టూరే నమ్మాడు. తల విసిరి గిన్నె వైపు తిరిగి, ముద్ద తినడం మొదలుపెట్టాడు.