జీవరాజుగారి సాక్ష్యం

సికింద్రాబాద్ దగ్గర కాప్రాలో మా పక్కిల్లు జీవరాజుగారిది. అణు ఇంధనం తయారుచేసే కర్మాగారంలో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. మా డాబా మీద సోలార్ పలకలు పెట్టించిన రోజు కింద నిలబడి నవ్వారు.

"మబ్బు పడితే మీ కరెంటు మంచమెక్కుతుందండీ. అణువైతే రాత్రీపగలూ డ్యూటీ చేస్తుంది."

"గట్లనా సార్? మీ అణువుకు గుస్సా వస్తే మా గతేంది?" అన్నాను.

ఆ మాట ఎప్పుడన్నా ఆయన నొచ్చుకునేవారు. నొచ్చుకోవాలనే అనేదాన్ని.

ఆయన చెల్లెలు ప్రేమమణిని తూర్పు తీరంలో చేపలు పట్టే పల్లెలో ఇచ్చారు. అక్కడ అణు విద్యుత్ కేంద్రం కడతామంటే ఊరు భయపడి, ఇళ్లు ఇచ్చేది లేదని మొండికేసింది. అప్పుడు చెల్లెల్ని చూడడానికి వెళ్లిన జీవరాజుగారిని అక్కడి చర్చి పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో సాక్ష్యానికి, అంటే దేవుడు తనకు చేసిన మేలు అందరి ముందూ చెప్పడానికి, పిలిచారు. "ఇన్నేళ్లు ఆ పనిలోనే ఉన్నాను. దేవుడి దయవల్ల ఏ జబ్బూ రాలేదు" అని చెప్పారాయన. చర్చిలో అందరూ "ఆమేన్" అన్నారు. ఇంజినీరు మాటైతే ఎదురు ప్రశ్నలు వేసేవారే. సాక్ష్యాన్ని ఎవరు ప్రశ్నిస్తారు? ఆ వారంలోనే అందరూ ఒప్పుకుని సంతకాలు పెట్టేశారు.

ఆయన చెప్పింది నిజమే. నాకు ఒళ్లు మండేది అందుకే. ఆ నిజం విన్నాక కేంద్రం ఎప్పుడొస్తుంది, అసలు వస్తుందా అని ఎవరూ అడగలేదు. ఆయనకూ తట్టలేదు. పల్లెను ఖాళీ చేయించి, సముద్రానికి దూరంగా కాలనీ కట్టారు. ఏళ్లు గడిచినా కేంద్రానికి పునాది పడలేదు. ఈలోగా కాలనీ పక్క బీడులో సోలార్ ప్లాంటు లేచి, కరెంటు ఇవ్వడం కూడా మొదలుపెట్టింది. ప్రేమమణి భర్త నతానియేల్ వల మూలన పడేసి, అక్కడ పలకలు తుడిచే పనికి కుదిరాడు.

మొన్న ప్రేమమణి కంటి పరీక్షకని సికింద్రాబాద్ వచ్చింది. నేను కూర ఇవ్వడానికి వెళ్లేసరికి జీవరాజుగారు ఆమె ఎదుట తల వంచుకుని కూర్చున్నారు.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా. ప్రమాదం లేదని ఇప్పటికీ అంటాను."

"అబద్ధమని ఎవరన్నారు అన్నయ్యా? నీకూ ఏమీ కాలేదు, మాకూ ఏమీ కాలేదు. మా ఊరే లేకుండా పోయింది."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"బాధపడకు. మా చర్చి సంఘంలో నిన్నెవరూ తిట్టరు. ఇప్పటికీ ప్రతి ఆదివారం నీ ఆరోగ్యం కోసం ప్రార్థన చేస్తున్నారు."

"తిట్టినా బాగుండేదే" అంటూ ఆయన ఏడ్చేశారు.