వెంకటరత్నం గారి సంతకం ఆగలేదు

వెంకటరత్నం గారు పోయారని నాకెవరూ చెప్పలేదు. ధవళేశ్వరంలో దహనం జరిగిన మూడో రోజున, మా గ్రూపు మెయిల్‌లో ఎవరో రాసిన రెండు వాక్యాల్లో చదివి నిర్ఘాంతపోయాను. ఏడేళ్లు ఆయనతో కలిసి ఉచిత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కి పనిచేసినవాణ్ణి. నా ఫోన్ నంబరు అందరి దగ్గరా ఉంది. ఆ తర్వాత గ్రూపుకి నాలుగు మెయిళ్లు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే అందరూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను.

ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉంటూనే ఆయన ఈ పని తలకెత్తుకున్నారు. కోడ్ అందరిదీ, ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. సైటు పాస్‌వర్డు నలుగురికి తెలుసు. సంతకం మాత్రం ఆయన ఒక్కరిదే. ప్రతి కొత్త వెర్షన్‌కీ తన రహస్యపు కీతో కంప్యూటర్ మీద సంతకం చేసేవారు. అది ఉంటేనే డీటీపీ షాపులవాళ్లు నమ్మి ఎక్కించుకునేవారు. ఆ కీ అంటే ఒక చిన్న ఫైలు, అది ఒకే ఒక ఫ్లాపీలో ఉండేది. ఫ్లాపీ ఆయన చొక్కా జేబులో, దాన్ని తెరిచే మాట ఆయన తలలో.

ఇంకో కాపీ ఎక్కడైనా దాచమని ఎన్నిసార్లు అడిగానో. "రెండో కాపీ ఉంటే అది రహస్యం ఎలా అవుద్దండీ?" అని నవ్వేసేవారు.

ఒకసారి నేను సర్వర్ పాస్‌వర్డును పొరపాటున కోడ్‌లోనే వదిలేసి అందరికీ కనిపించేలా పెట్టాను. గంటలో తీసేశాను. అయినా ఆయన గ్రూపు మొత్తానికి మెయిల్ పెట్టారు: "తీసేసినా పాత ప్రతుల్లో ఉంటుంది. బయటపడినదాన్ని మార్చడమే మార్గం. మార్చాను. చూసుకోండి." నా పేరు రాయలేదు. రాయనక్కర్లేదు, అందరికీ తెలుసు. ఆ మాట సరైనదే. నేను మాత్రం మరవలేదు.

ఆ వారమే ఆయన రాజమండ్రిలో మా ఇంటికొచ్చి అంటించిన కవరొకటి చేతిలో పెట్టారు.

"నేను పోయాక ఇందులో కాగితం మీదున్నది టైపు చేసి నెట్‌లో పెట్టండి. ఇంక నా కీ గానీ, దాంతో చేసిన సంతకం గానీ చెల్లదు."

"నాకెందుకండీ? నలుగురిలో తలదించుకునేలా చేసి!"

"మీరు దేన్నీ వదిలిపెట్టరండి బాబూ. ఈ పనికి అలాంటోళ్లే కావాలి."

పెద్దకర్మ అయ్యాక ధవళేశ్వరం వెళ్లి ఫ్లాపీ గురించి ఆయన భార్యను అడిగాను.

"ఎప్పుడూ గుండెల మీదే ఉండేది కదండీ. అక్కడే పెట్టి పంపించేశాం."

"చితి మీదకా?"

"ఔనండి. ముందు కరిగింది అదేనని మా మరిది చెప్పారు."

కీ కాలిపోయింది కాబట్టి కవరుతో పనిలేదనుకున్నాను. మరుసటి మంగళవారం కొత్త వెర్షన్ వచ్చింది. ఆయన సంతకంతో. మూడుసార్లు సరిచూశాను. సంతకం అసలైనదే, తేదీ ఆ రోజుదే. ఒత్తు చెరిపితే అక్షరం మొత్తం పోయే లోపం అందులో పోయింది. దాని గురించి ఐదేళ్లుగా మొత్తుకున్నది నేనే. కింద ఒక్క ముక్క: "సరిచేశాను. చూసుకోండి."

తర్వాతి మంగళవారం ఇంకొకటి. ప్రింటులో గుడులు తెగిపోవడం ఆగింది. ఆ లోపం గురించి నేనెవరికీ రాయలేదు. బ్యారేజీ మీద నడుస్తూ ఆయనకొక్కరికే చెప్పాను.

మొన్న మూడోది వచ్చింది. కోడ్‌లో మార్పేమీ లేదు. పనిచేసినవారి జాబితాలో, ఏడేళ్లుగా లేనిచోట, నా పేరుంది.

అంతటి కాపలాదారు మనకు మళ్లీ దొరకడు. ఆయన సంతకం దొంగ చేతిలో పడితే రేపు ఎన్ని కంప్యూటర్లలోకి ఏది దూరుతుందో చెప్పలేం. కాగితం వాడితే ఆ మూడు వెర్షన్లనూ, వాటితోపాటు నా పేరునూ ఎవరూ నమ్మరు. అయినా కవరు చించాను. సగం టైపు చేసి ఆగాను.

వచ్చే మంగళవారం దాకా చూస్తాను. ఆ సంతకం చేస్తున్నది గ్రూపులో ఎవరైనా అయితే పేరు చెప్పండి. కాదు, వెంకటరత్నం గారూ, మీరే అయితే, ఈ ఒక్కసారి గ్రూపుకి కాదండి, నాకు జవాబు రాయండి.