కొలతలాయన మొహం

కళ్ళజోళ్ళ షాపులో కొలతలు తీసేవాడికి చెయ్యి కుదురుగా ఉంటే చాలనుకుంటాం గానీ, మొహం కూడా కుదరాలి. మన కొలతలాయనకి అదే కుదరలేదు. గుబురు కనుబొమలు, వంకర ముక్కు, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే చెంప మీద మిగిలిన గాటు. చీమకైనా హాని చెయ్యడు పాపం. చూస్తే మాత్రం ఇప్పుడే ఎవర్నో తన్ని వచ్చినట్టుంటాడు.

ఆ పనిలో కిటుకొక్కటే. వచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుని కొలిచేవాడి కళ్ళలోకి సూటిగా చూడాలి. అప్పుడు కనుపాపలకి సరిగ్గా ఎదురుగా, వాళ్ళు పెట్టుకున్న కొత్త అద్దాల మీద చుక్క పెట్టాలి. ఈయన దగ్గరికి జరగ్గానే వాళ్ళ చూపు తలుపు వైపో, సొంత జేబు వైపో పారిపోయేది. చుక్క తప్పేది. వారం తిరక్కుండా తలనొప్పంటూ జోడు వెనక్కొచ్చేది. యజమాని అల్లుడు కూర్చుంటేనో? పాలబుగ్గలవాడు. పని మీద ధ్యాసే ఉండదు, అయినా అందరూ ఆ మొహంలోకి కళ్ళప్పగించి చూస్తారు. ఇదెక్కడి న్యాయమండీ!

"ఇంకొక్క జోడు వెనక్కొచ్చిందా, నువ్వు లోపల అద్దాలు అరగదీసే గదిలోకే" అన్నాడు యజమాని. ఆ గదిలో మిషన్ రొద తప్ప మనిషి అలికిడుండదు. గంటసేపు నోరు మూసుకోలేని మనిషికి అంతకంటే శిక్షేముంది?

ఇంటికెళ్ళి అద్దం ముందు నవ్వడం ప్రాక్టీసు చేశాడు. భార్య చూసి, "బాబోయ్, ఆపండి! నవ్వితే ఇంకా భయమేస్తోంది" అంది. తర్వాత జాలేసింది ఆవిడకి. "పెళ్ళయిన కొత్తలో నేను మాత్రం మీ కాళ్ళే చూసేదాన్ని కాదూ? మీ వాగుడు విని విని తలెత్తాను. ముందు మాట్లాడండి, తర్వాత కొలవండి."

మర్నాడు వచ్చిన పెద్దావిడ ఆయన్ని చూస్తూనే చేతిసంచి గుండెలకి హత్తుకుంది. ఆయన స్కేలు పక్కన పడేసి, ఆవిడ కుర్చీ వెనక నిలబడి, బడి ఎగ్గొట్టడానికి తన కూతురు తెచ్చుకునే కడుపునొప్పుల గురించి మొదలెట్టాడు. ఆవిడ పకపకా నవ్వింది. తన మనవడి ఆగడాలన్నీ ఏకరువు పెట్టింది. మాటల్లోనే ఆయన మెల్లగా ముందుకొచ్చి కూర్చున్నాడు. ఆవిడ చూపు ఒక్కసారి బెదిరింది.

"తర్వాతేమన్నాడు మీ మనవడు?" అన్నాడు.

చూపు తిరిగొచ్చింది. ఆవిడ కథ పూర్తయ్యేలోగా చుక్కలు పెట్టేశాడు.

జోడు తీసుకెళ్ళడానికి ఆవిడ వచ్చిన రోజు యజమాని పక్కనే కాచుకుని ఉన్నాడు. ఆవిడ జోడు పెట్టుకుని గోడ చూసింది, వీధి చూసింది, ఆఖర్న కొలతలాయన్ని తేరిపార చూసింది.

"అమ్మో, ఏం మొహమయ్యా బాబూ నీది!" అంది. "గాటుతో సహా కనబడుతోంది."

ఆవిడ తన సంచి ఆయన చేతిలో పెట్టి, జోడు నప్పిందో లేదో చూసుకోవడానికి అద్దం దగ్గరికి నడిచింది.

"రేపు మా ఆయన్ని తీసుకొస్తా, నువ్వే కొలవాలి" అంది అక్కణ్ణుంచే. "ఆయన ఒట్టి పిరికివాడు, నిన్ను చూస్తే నేలచూపులు చూస్తాడు. నేను పక్కన కూర్చుని ఆయన గడ్డం పైకెత్తి పట్టుకుంటాలే."