తెల్ల కాగితం మీ ఇష్టం

అక్క ఎంపీటీసీగా నిలబడినప్పుడు నేను అనుమానించింది ప్రత్యర్థిని కాదు, మా పార్టీ జెడ్పీటీసీ అభ్యర్థిని. నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధే. నందిగామలో నా కొట్టు ముందు ఎవరైనా దండం పెడితే, ఎందుకు పెట్టాడా అని ఎగాదిగా చూసే రకాన్ని.

వీరులపాడు మండలంలోని మా ఊళ్ళో అక్కంటే గౌరవం. ఆ జెడ్పీటీసీ ఆయనేమో మా రోడ్డు తవ్వించి వదిలేసిన కాంట్రాక్టరు. ఇద్దరిదీ ఒకటే గుర్తు. ఓటరుకు రెండు కాగితాలిస్తారు: గులాబీది ఎంపీటీసీకి, తెల్లది జెడ్పీటీసీకి. ఏ ఇంటికెళ్ళినా ఒకటే మాట.

"నీకు కాక ఎవరికేస్తామమ్మా? కానీ ఆయన మొహం గుర్తొస్తే ఆ గుర్తు మీదే ఒళ్ళు మండుద్ది."

నాకు భయం పట్టుకుంది. ఆ మంటలో రెండు కాగితాల మీదా అవతలి గుర్తుకే గుద్దేస్తే?

అక్క మాత్రం "రెండోట్లూ మనకే వెయ్యండి" అంటూ తిరిగేది. ఆమె నాలుగడుగులు ముందుకెళ్ళాక నేను వెనక ఆగి, "తెల్లది మీ ఇష్టమండి. గులాబీది మాత్రం మా అక్కకెయ్యండి" అనేవాణ్ణి. ఆయన మనుషులూ ఎక్కడో అక్కను ఇలాగే ముంచుతున్నారని నా నమ్మకం. రుజువేమీ లేదు.

అక్క గెలిచింది. ఆయన ఓడిపోయాడు. మర్నాడే ఫోన్ చేశాడు.

"ఏవమ్మా, నీకు పడిన ఓట్లు నాకెందుకు పడలేదు?"

గెలిచిన మనిషి కూర్చుని ఏడ్చింది. "వేదాద్రి రండి. స్వామి ముందు కర్పూరం ఆర్పుతా" అంది.

కారు నేనే నడిపాను. చిల్లకల్లు వచ్చేలోపు చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు.

గుళ్ళో ఆయన ఎదురుగా నిలబడ్డాడు. అక్క వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, "నేను గానీ, నా ఇంటోళ్ళు గానీ ఈయన ఓట్లు చెడగొట్టలేదు, స్వామీ" అంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయన మెత్తబడ్డాడు. అంతలోనే నా వైపు చూసి, "మరి మీ తమ్ముడో?" అన్నాడు.

"వాణ్ణి పెంచింది నేనండి" అంది అక్క, కోపంగా.

కారెక్కాక నా వంక చాలాసేపు చూసింది. ఎందుకు చూసిందో ఇప్పటికీ నాకు అనుమానమే. ఎర్రగా కందిన అరచెయ్యి నా ముందు పెట్టి, "మండుతోందిరా, కాస్త ఊదు" అంది.

ఊదాను.