ఇంకో ఊరు మిగిలింది

ఎనభైల్లో నేను ఏన్కూరు దగ్గర బడిపంతులుగా ఉంటూ ఎం.ఫిల్.కు రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. మా వైపు ఊళ్ళకు ఆ పేర్లు ఎట్లా వచ్చాయన్నది అంశం. తిరగడం నాకు ఇష్టం, జనాన్ని మాట్లాడించడం అంతకన్నా ఇష్టం. రాయడం దగ్గరే చిక్కు. కాగితం ముందు కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. సరిగ్గా అప్పుడే చూడని ఊరొకటి గుర్తుకొచ్చేది. అక్కడికి పోకుండా ఎట్లా రాస్తాం? సంచి భుజాన వేసుకుని బస్సెక్కేవాణ్ణి.

వరంగల్లులో ఉండే మా గైడుగారికి ఊరికో సాకు చెప్పాను. ఒకసారి వాగు పొంగిందన్నాను, నడి ఎండాకాలంలో. ఇంకోసారి రోడ్డుకు అడ్డంగా చిరుతపులి పడుకుందనీ, డ్రైవరు హారన్ కొడితే విసుక్కుని అటు ఒత్తిగిలిందనీ చెప్పాను. ఆయన నవ్వారు. ఆ తర్వాతిసారి నవ్వలేదు.

"నెలాఖరుకల్ల ఒక్క అధ్యాయమన్న నా టేబుల్ మీదుండాలె. లేకుంటే పొడిగింపు కాగితం మీద సంతకం పెట్ట. రిజిస్ట్రేషన్ పోతది, నీ ఇష్టం."

అది పోతే కాలేజీలో ఉద్యోగం ఆశ కూడా పోయినట్టే. ఈ మాట ఇంట్లో చెప్పాను.

"ఎప్పుడు జూసినా రాస్తా రాస్తా అంటరు. రాస్తారోకోనే అయితాంది గని రాసుడైతే లేదు" అంది మా ఆవిడ.

"ఇంకో ఊరు మిగిలింది."

"ఊరు ఏడికి పోతది? నెలే పోతాంది."

ఆమె అన్నది నిజమని తెలుసు. అయినా మర్నాడు గొడుగుపాడుకు పోయాను. ఇల్లందు దారిలో, అడవి లోపలికి ఉన్న చిన్న పల్లె. తొలకరికి అక్కడ పుట్టగొడుగులు విపరీతంగా లేస్తాయి, పేరు అందుకే వచ్చి ఉంటుందని నా ఊహ. ఎవరైనా పెద్దమనిషి అవునంటే చాలు. ఇప్పపూలు ఎండబోస్తున్న ఒక ముసలాయనను అడిగాను.

"పుట్టగొడుగులా? అవేం గావు సారూ. నిజాం జమానల శిస్తు వసూలుకు గిర్దావరు ఒచ్చిండు, నల్ల గొడుగు వట్టుకొని. ఎలుగుబంటి ఎదురొచ్చి గొడుగు గుంజుకపోయింది. ఇగ వానొచ్చినప్పుడల్ల గది గొడుగేసుకొనే తిరిగేది. మా తాత కండ్లార జూసిండు."

నా పెన్ను ఆగిపోయింది. ఆ ఎలుగుబంటి నాది. రెండేళ్ళ కిందట ఇల్లందు బస్సు పంక్చరైతే, పొద్దుపోక బొగ్గుబాయి కార్మికులకు అప్పటికప్పుడు పుట్టించి చెప్పిన కథ అది.

"తాతే జెప్పిండా?"

"అవ్. వాన ఎలిసినంక గొడుగు మలిచి సంకల వెట్టుకునేదట."

చంకలో పెట్టుకోవడం నేను చెప్పలేదు. నాకన్నా బాగా చెప్పాడు. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

"రాసుకోరేంది సారూ?"

తల వంచుకుని రాసుకున్నాను.

తిరుగు బస్సులో కాగితాల కట్ట విప్పాను. ఇందులో వాళ్ళది ఎంత, నాది ఎంత? చర్ల వైపు నుంచి తెచ్చిన ఒక కథలో పులి వాగుకొచ్చి, నీళ్ళు తాగడానికి చెంబు అడిగింది. పులి చేత చెంబు అడిగించడం అచ్చం నా పద్ధతే. కానీ చెప్పినట్టు గుర్తులేదు. ఇంకో ఏడాది ఇట్లాగే తిరిగితే ఈ ప్రాంతంలో నాది కాని కథ ఒక్కటీ మిగలదు. రేపు దీన్ని దిద్దబోయే పరీక్షకుడు కూడా ఏదో బస్సులో నా పక్కనే కూర్చుని విని ఉంటే?

"ఇంకేదన్న ఊరు మిగిలిందా?" గడపలోనే అడిగింది మా ఆవిడ.

"మిగిలినయి. నేను పాడుచేసేలోపు రాయాలె."

ఆమె నవ్వలేదు. టీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను కూర్చున్నాను. ఈసారి లేవలేదు. అనుమానం ఉన్న కథలన్నీ పక్కకు తీశాను. చెంబు పులి పోయింది. ఎలుగుబంటిని తీయబోతే మాత్రం ముసలాయన ముఖం అడ్డొచ్చింది. పేరు పుట్టగొడుగుల వల్లే వచ్చిందని నా ఊహ రాసి, కింద "ఈ మధ్య వ్యాప్తిలోకి వచ్చిన కథ కూడా ఒకటి ఉంది" అని చేర్చాను. ఎవరు వ్యాప్తి చేశారో రాయలేదు.

నెలాఖరున గైడుగారు ఆ కాగితాలను తూకం వేస్తున్నట్టు చేత్తో ఎత్తి చూశారు.

"బక్కగున్నది."

నేను కుర్చీ అంచుకు జరిగాను.

"అయినా ఉన్నది గదా" అని సంతకం పెట్టారు. "మరి రెండోది?"

తిరుగు బస్సులోనే మొదలుపెట్టాను. గతుకులకు అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఇంటికి పోయి చూస్తే ఒక్క ముక్కా చదవరాలేదు. మళ్ళీ రాశాను.