మూతి కనబడని ఏడో ఈగ

నా చిన్నప్పుడు, పదకొండో ఏట, శ్రావణంలో ఒక గురువారం పొద్దున ఏడున్నరకు మా ఎర్రెద్దు మేత మానేసింది. టేకులపల్లి దగ్గర అడవి అంచు ఊరు మాది. ఉన్నవి రెండే ఎద్దులు. ఒకటి పడిపోతే దున్నకం ఆగిపోతుంది.

అప్పటికి తొమ్మిది రోజులుగా అది కాళ్లు నేలకేసి కొట్టుకుంటోంది. మా తాతయ్యకు చూపు సరిగా ఆనదు. "కాళ్ల మీద వాలేటివి ఏ ఈగలు బిడ్డా?" అని మొదటి రోజే నన్ను అడిగాడు. నేను కొట్టం బయటినుంచే చూసి, "మామూలు ఈగలే తాతా" అన్నాను. ఆ మాట నమ్మి ఆయన సాయంత్రాలు కుట్టే ఈగలను తోలే వేపాకు పొగ వేయలేదు.

గురువారం ఎద్దును నెమ్మదిగా నడిపించుకుంటూ పశువుల దవాఖానాకు పోయాం. డాక్టరు రక్తం తీసి, ఈగల సంగతి అడిగాడు. తాతయ్య నా మాట చెప్పాడు. "డాక్టరమ్మ ఇంట్లనే ఉన్నది గదా పెద్దమనిషీ, నా దాకా ఎందుకొచ్చినవ్?" అన్నాడు డాక్టరు.

రక్తం పరీక్ష అయ్యేలోపు ఆయన తాను తీసిన ఏడు ఫోటోలు బల్ల మీద పరిచాడు. అన్నీ బూడిదరంగు ఈగలే, నాకు ఒక్కలాగే కనబడ్డాయి. కుట్టే ఈగకు మూతి సూదిలా ముందుకు పొడుచుకుని ఉంటుందని, మామూలు ఈగకు కిందికి వేలాడుతుందని చూపించాడు. మామూలు ఈగ రెక్క కొసన ఒక నరం మోచేతిలా మడత పడుతుంది. కుట్టే ఈగకు అది కాస్త వంపు తిరుగుతుంది, అంతే. ఆరు ఫోటోలు సరిగ్గా చెప్పాను. ఏడోదానికి కూడా వెంటనే "కుట్టే ఈగ" అన్నాను.

"ఎట్ల తెలిసింది?"

"ఎద్దు మీద వాలింది గదా సారూ."

"మూతి కనబడ్డదా?"

మూతి ఎద్దు వెంట్రుకల్లో మునిగి ఉంది. రెక్క మసకగా పడింది.

"తీసింది నేనే, నాకే తెల్వది. తెల్వదని చెప్పుడు తప్పు కాదమ్మా. చూడకుండ చెప్పుడు తప్పు."

రక్తంలో జబ్బు ఉంది, కుట్టే ఈగలు మోసుకొచ్చేదే. మందు పడ్డా పన్నెండో రోజున ఎర్రెద్దు చచ్చిపోయింది. నా మాట వల్లేనా అని డాక్టరును అడిగాను. ఖాయంగా చెప్పలేనన్నాడు. ఆ జవాబు నాకు తిట్టుకన్నా బరువైంది.

ఆ సాయంత్రం తాతయ్య మిగిలిన నల్లెద్దు దగ్గర నిలబడి, "గీని మీద ఏ ఈగలున్నయో చూడు బిడ్డా" అని మళ్లీ నన్నే అడిగాడు. నేను కొట్టంలోకి పోయి, దాని కాళ్ల దగ్గర చతికిలబడి, మూతి కనబడేదాకా లేవలేదు.

ఇప్పుడు నా మనవరాలు పశువుల దవాఖానాలో పని చేస్తోంది. మొన్న ఆదివారం ఫోన్లో ఇరవై మూడు ఈగల ఫోటోలు పంపి, "జల్దీ చెప్పు నానమ్మా" అంది. కళ్లు నీళ్లు కారుతున్నా, ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. పద్నాలుగు చెప్పాను. తొమ్మిదింటికి, "మూతి కనబడలేదు, మళ్లీ తియ్యి" అన్నాను. విసుక్కుంది. నాకూ ఓపిక లేదు, అయినా మాట మార్చలేదు.

ఆ ఏడాది మాకు పోయినవి: ఎర్రెద్దు ఒకటి. ఇంకో ఎద్దు దొరికేదాకా దున్నకం పంతొమ్మిది రోజులు. వేయని పొగ తొమ్మిది సాయంత్రాలు.